తలపాగా పట్టే కారు

“తలగుడ్డ పెట్టుకోని ఎక్కొచ్చునా, తీసి ఎక్కాల్నా?”

1958లో ప్రొద్దుటూరు బాడుగ కార్ల స్టాండులో సిరాజుద్దీన్‌ను ఒక రైతు అడిగిన మొదటి ప్రశ్న ఇది. బ్రేకులు పడతాయా అని అడగలేదు. కంపెనీవాళ్లు పొడవూ ఇంజనూ చూసి కార్లను చిన్నవీ పెద్దవీ అంటారు. పన్ను వేసే ఆఫీసు సీట్లు లెక్కబెడుతుంది. మన స్టాండులో మాత్రం తలపాగాతో కూర్చోగలిగితే పెద్ద కారు, తీయాల్సి వస్తే చిన్నది. చిన్నదానికి బాడుగ సగమే. ఈ కొలత పెట్టింది డ్రైవర్లు కాదు, ఊరి పెద్దమనుషులు.

సిరాజుద్దీన్ లారీ క్లీనరుగా మొదలై, డ్రైవరై, కూడబెట్టిందంతా పోసి మద్రాసులో పాత ఆస్టిన్ కొన్నాడు. పొట్టి బండి, ఎత్తయిన టాపు. ఆ టాపు చూసే కొన్నాడు. టైర్లు అరిగి నూలు తేలాయి. మంచి బాడుగ ఒకటి దొరికితే మార్చాలనుకున్నాడు.

దొరికింది. జమ్మలమడుగు దగ్గర పెద్ద రైతు ఓబుళయ్య కొడుకు పెళ్లి పులివెందులలో. పెద్ద కారు లెక్కన నూట ఇరవైకి మాట్లాడుకొని, ఓబుళయ్య తలపాగా చెదరకుండా దర్జాగా వెళ్లాడు. అక్కడ వియ్యంకుడు కొత్త కారులోంచి దిగాడు. చాలా పొడుగాటి కారు, టాపు మాత్రం కిందికి. ఆయన తలపాగా చేతిలో ఉంది. అయినా జనమంతా ఆ కారు చుట్టే మూగారు. ఓబుళయ్య మొహం మాడిపోయింది.

తిరిగొచ్చి ఇంటి ముందు దిగి అరవై రూపాయలే ఇచ్చాడు.

“ఏంది మామా, సగమే ఇస్తాండావు?”

“పెద్ద కారంటే ఏందో ఆడ జూసినాలేప్పా. నీది చిన్నది.”

“పొయ్యేటప్పుడు పట్టిన తలగుడ్డ వచ్చేటప్పుడు పట్టలేదా? తలేమన్నా పెరిగెనా?”

“నోరు శానా లేస్తాండాదే! పో, పో!”

స్టాండు పెద్దలు “పెద్దాయనతో మనకెందుకప్పా, ఓర్చుకో” అన్నారు. పక్కవాడికి ఓర్పు బోధించడానికి పైసా ఖర్చు కాదు గదా! టైర్లు లేక ఆ పెళ్లిళ్ల కాలమంతా ఆస్టిన్ రాళ్ల మీద నిలబడింది. సిరాజుద్దీన్ మళ్లీ ఇంకొకరి లారీ ఎక్కాడు. చూస్తూ ఉండగానే స్టాండులో కొలతే మారిపోయింది. పొడుగుంటేనే పెద్ద కారు. తలపాగాలు ఒళ్లోకి దిగాయి. మార్చినవాళ్లూ ఆ పెద్దమనుషులే. వాళ్ల కొలతను నమ్మి ఒకడు ఉన్నదంతా పెట్టాక కొలత మార్చడాన్ని మోసం అనక ఏమనాలి?

పాతికేళ్ల తర్వాత ఓబుళయ్య పోతే సంతాపసభలో మాట తప్పని మనిషని పొగిడారు. సభ అయ్యాక సిరాజుద్దీన్ వెళ్లి మిగతా అరవై రూపాయలు కొడుకును అడిగాడు. “నాయన లెక్కలు నాకు తెలీవు” అన్నాడు కొడుకు, తన పెళ్లి బాడుగ గురించి. ఆ అరవై రూపాయలు ఇంకా రాలేదు.