మూడో ఏటి మొక్కు

ఇది ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదేళ్ల వయసులో, నాకు మళ్లీ జ్వరం రావాలని గంగమ్మకు మొక్కుకున్నాను.

పుంగనూరులో నన్ను మగపిల్లాడిగానే పెంచారు. టైఫాయిడ్ వచ్చి ఎంతకీ తగ్గకపోతే, బిడ్డ బతికితే మూడేళ్లు జాతరలో ఆడవేషం కట్టిస్తానని అమ్మ మొక్కింది. మా వైపు అదేమీ వింత కాదు. మీసాలున్న మగవాళ్లే చీర కట్టుకుని, గాజులేసుకుని గుడిదాకా నడుస్తారు. అమ్మ తన పసుప్పచ్చ వాయిల్ చీరను సగానికి మడిచి నాకు కట్టేది. కుచ్చిళ్లు దోపుతుంటే ఆమె చేతులకు చింతపండు వాసన. రెండో ఏడు మేనత్త వాకిట్లో నిలబడి పకపకా నవ్వింది.

"ఏం వదినా, ఉండేది ఒక్క మగపిల్లోడు. వాణ్ణి గూడా ఆడంగిని చేస్తాండావా? సూడు సూడు, అద్దం కాడ్నించి కదల్తాడేమో!"

వాకిట్లో అందరూ నవ్వారు, అమ్మ కూడా. మూడో ఏడు అమ్మ పెట్టెలోంచి చీర తీయలేదు. కోడిని కోసి, పొంగలి పెట్టి సరిపెట్టింది. అమ్మ మళ్లీ మొక్కుతుందని నేను కోరుకున్న జ్వరం రానే లేదు.

మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలోని నవలల్లో నాలాంటి మనిషి కోసం వెతికాను. కనిపించినవాళ్లంతా నవ్వించి వెళ్లిపోయేవాళ్లే. తర్వాత కుప్పంలో ఉద్యోగం. అక్కడ ఇంటర్నెట్ సెంటర్లో చదివితే తెలిసింది, నాలాంటివాళ్లతో మాట్లాడే కౌన్సెలర్ బెంగళూరులో ఉన్నారని. ఫోన్ చేస్తే ఆ కౌన్సెలరే తీసింది, ఒక పెద్దావిడ. మొదటిసారి వచ్చేటప్పుడు, వీలైతే చిన్నప్పటినుంచి ఎరిగినవాళ్లను తోడు తెచ్చుకోమంది. నన్ను అలా ఎరిగింది అమ్మ ఒక్కతే.

అద్దెగదిలో తలుపు గడియపెట్టి, చెప్పాల్సిన మాటలు పైకి అనుకుని చూసుకున్నాను. 'నేను ఆడపిల్లను' దగ్గరికి రాగానే ప్రతిసారీ ఆపేసి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను. మీసం తీసేసి వెళ్లాలా, ఉంచుకుని వెళ్లాలా అన్నది కూడా తేలలేదు. మీసంతోనే పుంగనూరు బస్సెక్కాను.

అమ్మ వసారాలో కూర్చుని చింతకాయలు కొడుతోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. సుత్తి ఆపకుండానే వింది.

"మూడో ఏడు ఎగ్గొడితిమి కదా, ఆయమ్మ ఊరుకుంటాదా? అదే నిన్ను పట్టుకోనుండాది."

"అది కాదు మా. నువ్వు కట్టకముందు నుంచే నేనింతే."

"ఈ జాతరకు నేను కడతాను, రా. తీరిపోతాది. దానికి బెంగుళూరు ఏల, డాక్టరు ఏల? మంచి చీరే కడతాలే."

"నన్ను మగవాణ్ణి చేసేదానికి కడతానంటే నాకొద్దు. నాతో వస్తావా, రావా?"

"నేనొచ్చి ఏం చెప్పేది? నా బిడ్డకు పిచ్చని చెప్పేదా?"

నేను లేచి సంచి భుజాన వేసుకున్నాను. ఆ కోపం సబబే అని చాలాకాలం అనుకున్నాను. ఏ నమ్మకంతోనైతేనేం, ఊరందరి ముందూ నాకు తన చేతులతో చీర కడతానంది. సరే మా, కట్టు అనుంటే సరిపోయేది. కుచ్చిళ్లు సర్దుతున్నంతసేపూ నా మాట వినకుండా ఎక్కడికి పోతుంది? అప్పుడు నెమ్మదిగా చెప్పుకోవచ్చు కదా. నాకు ఆ ఓర్పు లేకపోయింది. బెంగళూరుకు ఒంటరిగానే వెళ్లాను. ఆ పెద్దావిడ మంచిదే. చిన్నప్పటి సంగతులు అడిగితే, నాకు గుర్తున్నంతవరకే చెప్పగలిగాను. జాతర రాకముందే అమ్మ గుండె ఆగి చనిపోయింది.

నేను సంచి వేసుకుని లేచిన ఆ రోజు అమ్మ నా వెనకే బస్టాండుకు వచ్చింది. నేను కిటికీ పక్కన కూర్చుని మొహం అటు తిప్పుకున్నాను. బస్సు కదిలేటప్పుడు కిటికీ కమ్మీ పట్టుకుని రెండడుగులు నడిచింది.

"ఆ డాక్టరమ్మ అడిగితే నా పేరు చెప్పు. చీర కట్టిందీ నేనే, మద్దెలో మానిపిచ్చిందీ నేనే. నీ తప్పేం లేదని చెప్పు."