నలుగురికి ఒక్క ట్యాబ్: మిరుదొడ్డి వైపు ఒక పూట

నెలాఖరులోగా రెండో తరగతి పిల్లలు ఇంగ్లీషు మాటలు పలకకపోతే ట్యాబ్‌లన్నీ పెద్ద తరగతులకు ఇచ్చేస్తానని మా ప్రిన్సిపల్ తేల్చి చెప్పారు. ఆవిడ తప్పేమీ లేదు. హైదరాబాద్‌లోని మా బడిలో పిల్లకొక ట్యాబ్, అందులో ఇంగ్లీషు మాటలు నేర్పే యాప్ ఉన్నాయి. అది మాట చెప్పగానే సరైన బొమ్మ నొక్కితే తెర మీద చుక్క వెలుగుతుంది. పిల్లలు చుక్కలు కుప్పలు పోస్తున్నారు. ట్యాబ్ మూసి ఎదురుగా నిచ్చెన చూపిస్తే మాత్రం బెల్లం కొట్టిన రాళ్లే! టీచర్ ట్రైనింగ్‌లో నాతో చదివిన సుజాత, మిరుదొడ్డి దగ్గరి బడిలో ఇదే యాప్‌తో పిల్లల్ని గలగలా మాట్లాడిస్తోందని విన్నాను. ఆ కిటుకేదో తెలుసుకోకుండా తిరిగి రాకూడదనుకున్నాను.

జూబ్లీ బస్‌స్టేషన్‌లో పొద్దున ఆరింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎనిమిదిన్నరకు సిద్దిపేట వచ్చింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు. ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాను, తలా యాభై. బడి పేరు చెప్పగానే డ్రైవర్ నవ్వాడు.

“మా బిడ్డ గాడ్నే సదువుతది మేడం. ఇంటికొచ్చి చాట, చీపురు అన్నీ ఇంగ్లీషుల అడుగుతది. నాకేడ వస్తది?”

సుజాత తరగతిలో నలుగురికి ఒక్క ట్యాబే. దాంట్లో బొమ్మ ఒక్కరే చూడాలి, మాట పైకి చెప్పాలి. మిగతా ముగ్గురు వెళ్లి ఆ వస్తువును ముట్టుకోవాలి. సైగలు చేయకూడదు. యాప్‌లోని పెంగ్విన్లను తీసేసి, బడి ఆవరణలో ఉన్న వస్తువుల ఫొటోలు పెట్టుకుంది.

శ్రావణి అనే పాప వంతు వచ్చింది. బొమ్మ నిచ్చెన. పెదవులు కదిలాయి, మాట రాలేదు. నేను ఆగలేక “ల్యాడర్” అనేశాను.

సుజాత గయ్‌మంది. “ఏందే, గట్ల అందిస్తె ఎట్ల? ఆ పిల్ల నోట్లకెళ్లి రావాలె గద!”

తర్వాతి బొమ్మ తాడు. శ్రావణి ట్యాబ్ వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది. మా బడి పిల్లలు కూడా అచ్చం ఇలాగే చూస్తారు. నాకు సిగ్గేసింది. పళ్లు బిగబట్టి తల దించుకున్నాను.

“నేను చెప్త టీచర్,” అన్నాడు జట్టులో ఒకడు.

“ఆగు బిడ్డా, అదే చెప్తది,” అంది సుజాత.

శ్రావణి మళ్లీ ట్యాబ్ వైపు తిరిగింది. “రోప్!” అని అరిచింది. ముగ్గురూ జెండా కర్ర తాడు దగ్గరికి ఉరికారు. “ఇంకోటి గూడ నాకే ఇయ్యి టీచర్!” అంటూ అది సుజాత కొంగు పట్టుకుంది.

మీరూ వెళ్లాలనుకుంటే హెడ్‌మాస్టర్ అనుమతి ముందే తీసుకుని పది లోపు చేరండి. ఈ ఆట పొద్దున పూటే ఉంటుంది.

పిల్లలకు మాటలు రావడం లేదని ఇన్నాళ్లూ దిగులుపడ్డాను. వచ్చేదాకా నేనే ఆగలేదు. తిరుగు బస్సులోనే ప్రిన్సిపల్‌కు ఫోన్ చేశాను: “నెలాఖరు దాకా ఎందుకు మేడం, ట్యాబ్‌లు రేపే తీసుకెళ్లండి. నలుగురికి ఒకటి వదిలేయండి, చాలు.”