మా బండికి గొంతొచ్చిన వేసవి

మొన్న మా అల్లుడు కొత్త కారు కొని, "ఎక్కండి అత్తయ్యా" అంటూ నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. తలుపు వేయగానే ప్లాస్టిక్కూ సెంటూ కలిసిన వాసన గుప్పుమంది. ఇదేం కారు వాసనరా నాయనా అనుకున్నాను. నా లెక్కన కారంటే తుమ్మచెక్క కాచిన వాసన రావాలి, దాని వెనకాల సన్నగా చేపల నీచు తగలాలి. పైకంటే ముసలమ్మకి మతి పోయిందనుకుంటారని నోరు మూసుకుని కూర్చున్నాను.

బందరులో మా నాన్నకి దొరల నాటి పాత కారొకటి ఉండేది. దాన్నే టాక్సీగా తిప్పేవాడు. మేం దాన్ని కారనేవాళ్ళం కాదు, బండి అనేవాళ్ళం. పెడన పెళ్ళివారినీ, గుడివాడ షావుకార్లనీ, దివిసీమలో పొలాలున్న ఆసాముల్నీ ఎక్కించుకుని, కాలవగట్ల మీద దుమ్ములో ముసురులో పడి తిరిగి, ఏ పొద్దుగూకే వేళకో మా సందు మొగలోకి వచ్చి రబ్బరు బుడ్డి హారన్ నొక్కేవాడు. అది వినపడగానే అమ్మ పొయ్యి మీద చారు పొంగించేది, నేను పీటలు వాల్చేదాన్ని. నాన్న కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అన్నంలోంచి పొగలు వస్తుండాలి, అదీ మా ఇంటి పద్ధతి. ఎండాకాలమైతే బండిలో తాటిముంజలుండేవి, వానాకాలమైతే తడిసిన కాగితంలో వేయించిన వేరుసెనక్కాయలు. క్రిస్మస్‌కి ముందు వారమంతా ఇల్లు అరిసెల పాకం వాసన కొట్టేది, రాత్రి భోజనాలయ్యాక అమ్మ తన చిన్న హార్మోనియం ముందేసుకుని పాటలు పాడేది.

ఒక వానాకాలం అమ్మకి జ్వరం వచ్చింది. తగ్గలేదు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

ఆ తర్వాత నాన్న బండి తియ్యలేదు. పెరట్లో తాటాకుల పాక కింద పెట్టేశాడు. ఆ ఏడు క్రిస్మస్‌కి పక్కింటివాళ్ళు అరిసెలు పంపితే గిన్నె మూత కూడా తియ్యలేదు మేము. నాన్న అరుగు మీద కూర్చునేవాడు, నేను గుమ్మంలో కూర్చునేదాన్ని. ఇద్దరం ఉండి కూడా ఇంట్లో ఎవరూ లేనట్టే ఉండేది. సముద్రపు గాలి ఊరుకుంటుందా? ఆ ఉప్పు గాలికి హారన్ లోపలి ఇత్తడి నాలిక చిలుము పట్టి మూగబోయింది. పాక సందుల్లోంచి పడే ఎండకి స్టీరింగు చక్రం మీది నల్ల రబ్బరు బీటలు తీసి, పెచ్చులూడి, లోపలి ఇనుము బయటపడింది.

వేసవిలో గుడివాడ నుంచి మా మావయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు, బడిపంతులు. వస్తూనే నాన్నని కేకలేశాడు.

"ఎన్నాళ్ళిట్లా కూర్చుంటావు బావా? బండి తిరక్కపోతే ఇల్లెట్లా గడుస్తుంది? పిల్లని మా ఊరి హాస్టల్లో వేద్దాం."

తలుపు వెనక నించుని విన్నాను. బండి తిరగడం లేదు కాబట్టి నన్ను పంపేస్తున్నారని నాకు అర్థమైంది. అయితే బండి బాగైపోతే నేను ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఆ రోజు నుంచి నా ప్రార్థనల్లో స్వర్గం లేదు, పాపక్షమాపణ లేదు, బండే.

నాన్నలో కూడా ఏదో కదిలింది. గిలకలదిండి నుంచి నాగయ్యని పిలిపించాడు. వలలు అల్లే మనిషి, నాన్నకి స్నేహితుడు. కొత్త రబ్బరు కావాలంటే మద్రాసు పోవాలి, మావాళ్ళకంత ఓపిక ఎక్కడిది! వలలు ఉప్పునీటికి చివికిపోకుండా తుమ్మచెక్క కషాయంలో ఉడకబెడతారు కదా, అలాగే నాగయ్య మా పెరట్లో చేపల నీచు వదలని తన పెద్ద బాన పెట్టి, నూలు తాడు అందులో వేసి ఎర్రగా ఉడికించాడు. చల్లారాక తడితాడునే చక్రం చుట్టూ వరస తప్పకుండా చుట్టడం మొదలుపెట్టాడు.

"తడి మీదే చుట్టాల బావా. ఎండేకొద్దీ అదే బిగుసుకుపోద్ది," అన్నాడు నాగయ్య.

తాడు రెండో కొస నాకిచ్చారు. "వదలమాకే చిన్నీ, గట్టిగా పట్టుకో," అన్నాడు నాన్న. వదులుతానా! అరచేతులు ఎర్రబడి మంటెత్తినా పళ్ళు బిగించి లాగి పట్టుకున్నాను.

హారన్ సంగతి నాన్న ఒక్కడే చూశాడు. ఒక మధ్యాహ్నం ఇంట్లోకి వెళ్ళి అమ్మ హార్మోనియం విప్పాడు. లోపల వరసగా నాలికల్లా ఉన్న ఇత్తడి రీడ్లలోంచి ఒకటి ఊడదీసి, హారన్ గొట్టం గొంతులో లక్కతో అతికించాడు. నేను పక్కనే నించుని చూస్తూనే ఉన్నాను. అతుకు ఆరాక రబ్బరు బుడ్డి నొక్కాడు. మునుపటి బొంగురు కేక కాదు, సన్నగా, తీయగా ఒక స్వరం పలికింది. నాన్న మళ్ళీ నొక్కలేదు. చక్రం మీద తల ఆనించి భోరుమని ఏడ్చాడు. అమ్మ పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. నేనూ ఏడ్చాను గానీ, లోపల్లోపల ఎంత సంతోషమో. బండి బాగైంది, ఇంకేం కావాలి! ఆ సాయంత్రం నాన్న చేతులు తుమ్మచెక్క వాసనేస్తుంటే ఆ చేతులతోనే నాకు అన్నం కలిపి పెట్టాడు.

వైశాఖం పెళ్ళిళ్ళు మొదలయ్యాయి, బేరాల మీద బేరాలు. ఇవాళ అవనిగడ్డ, రేపు పామర్రు, ఎల్లుండి ఎక్కడో. నన్ను పక్కింట్లో వదిలి వెళ్ళేవాడు. జూన్ రాగానే నా గౌన్లు రేకుపెట్టెలో సర్దాడు.

"బండి బాగైంది కదా నాన్నా!" అన్నాను.

"అందుకేనే తల్లీ. నేను ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే నిన్నెవరు చూస్తారు?" అన్నాడు.

గుడివాడ దాకా ఆ బండిలోనే తీసుకెళ్ళాడు. గుడ్లవల్లేరు దాటాక వాన పట్టుకుంది. తాడు చుట్టిన చక్రం నాన్న చేతుల్లో చక్కగా తిరుగుతోంది, ఎక్కడా జారడం లేదు. దాన్ని చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. హాస్టల్ గేటు దగ్గర దింపి, మలుపు తిరిగేటప్పుడు హారన్ నొక్కాడు. నేను వెనక్కి తిరగలేదు.

తర్వాత ఏ సెలవులకి వెళ్ళినా చుట్టానికి మల్లే వెళ్ళి చుట్టానికి మల్లే వచ్చాను. బండి ఎప్పుడో తుక్కు కిందికి పోయింది, నాన్న పోయీ చాలా ఏళ్ళయింది. మా సందులో ఇప్పుడు మేడలు లేచాయి, నూలు వలల రోజులు పోయి గిలకలదిండిలో తుమ్మచెక్క కాచేవాళ్ళూ లేరు. పిల్లలకి చెబితే, "మీ నాన్న ఎంత తెలివైనవాడమ్మా!" అని మెచ్చుకుంటారు. నిజమే, తెలివైనవాడే. నాకు మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది, ఆ వేసవిలో వాన పట్టుకుని ఆ తాడు ఎండకుండా ఉంటే, ఇంకొన్నాళ్ళు నాన్న దగ్గరే ఉండేదాన్నేమో అని.