ఒకే ఎత్తులో కట్టిన రెండు యాంటెన్నాలు

గుడియాత్తంలో మా మగ్గాల ఇంటి మిద్దె మీద ఇనుప టవరు లేచిన ఏడాది నేను గడప దాటిన రోజులు చాలా తక్కువ. వేలూరు నుంచి గాలిలో వచ్చే ఇంటర్నెట్టును అందుకోవడానికి రెండు కంపెనీలు ఆ టవరు మీద చోటు తీసుకున్నాయి. ఒకటి బస్టాండు దగ్గరి బ్రౌజింగ్ సెంటర్లకు ఇచ్చేది, ఇంకొకటి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులకు.

మాదే పైన ఉండాలని ఇద్దరూ పట్టుబట్టారు. మామగారు నేతవాళ్ల తగవులు తీర్చే మనిషి. "మా ఇంట్లో ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అనేది లేదప్పా" అని రెండు యాంటెన్నాలనూ ఒకే ఎత్తులో, పక్కపక్కనే కట్టించారు. రెంటికీ నేనే కుంకుమ పెట్టాను.

అప్పటినుంచి ఒకటి పనిచేస్తే ఇంకొకటి ఆగిపోయేది. ఫోను మోగేది. మిద్దె మెట్లు పూజగదిని ఆనుకుని ఉన్నాయి, కొత్తవాళ్లు ఆ దారిన తిరగకూడదని తాళంచెవి నాకు ఇచ్చారు. మగవాళ్లంతా మగ్గం గుంటల్లో ఉంటారు. ఎవరి నెట్టు ఆగినా నేనే ఎక్కి, వాళ్ల యాంటెన్నా కింది కరెంటు పెట్టె ఆపి, మళ్లీ వేయాలి. దిగేసరికి రెండోవాళ్ల ఫోను.

అలాంటప్పుడు అమ్మకు గురువారం కంటి ఆపరేషనని వేలూరు నుంచి కబురొచ్చింది. శుక్రవారం కట్టు విప్పుతారు. "విప్పేటప్పుడు నువ్వు ఎదురుగా ఉండాల" అంది అమ్మ ఫోనులో. బస్సెక్కితే గంట దూరం. మామగారిని అడిగాను.

"పోయిరామ్మా, వద్దంటానా? ఫోను వస్తే ఎవురు చూస్తారు, అది చెప్పు."

వద్దనలేదు. అందుకే తాళంచెవి మళ్లీ కొంగుకు ముడేసుకున్నాను. మిద్దె మీద యాంటెన్నాలు తూర్పుకు, వేలూరు వైపు తిరిగి ఉండేవి. వాటి వెనక నిలబడి నేనూ అటే చూసేదాన్ని.

బుధవారం ఒక కంపెనీ ఇంజనీరు వచ్చాడు. "ఎప్పుడెప్పుడు ఆగిపోతా ఉండాదమ్మా?" అన్నాడు.

నా రామకోటి పుస్తకం తెచ్చాను. బడికి పోని నాకు నాయన ఇంట్లో నేర్పిన అక్షరాలకు అదొక్కటే పని. నామాల పక్కన, అంచులో, నెట్టు ఆగిన వేళలు రాసి పెట్టాను. అతనికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. చదివి వినిపించాను. సాయంకాలం బ్రౌజింగ్ సెంటర్లు నిండే వేళకే ఆఫీసుల ఫోన్లు.

"రెండూ ఒకదాని చెవిలో ఒకటి అరస్తా ఉండాయి. ఒకదాన్ని పైకెత్తాల, ఇంకోదాన్ని ఉన్నచోటే అడ్డంగా తిప్పాల."

"ఎత్తేదానికి లేదు. మాట ఇచ్చినా" అన్నారు మామగారు.

"మర్యాద చూస్తే రెండూ పనికిరావు తాతా. తిప్పితే గాలిలో ఒకదాని అల నిలువుగా పోతాది, ఇంకోదానిది అడ్డంగా."

మామగారు రెండు వేళ్లు నిలువుగా, అడ్డంగా పెట్టి చూసుకున్నారు. "పడుగూ పేకా మాదిరి. చిక్కు పడవు."

"అంతే తాతా."

"ముందే తెలుగులో చెప్పొచ్చు గదప్పా!"

రెండో కంపెనీవాళ్లూ ఒప్పుకున్నారు. గురువారం ఒకటి టవరు కొనకు చేరింది, కిందిదాన్నీ, వేలూరులో ఉన్న దాని జతనూ అడ్డంగా తిప్పారు. రెంటి అలలు నడిచే చానళ్లు కూడా దూరం చేశారు. "రేపు సాయంకాలం దాకా కనిపెట్టుకోని ఉండమ్మా" అని చెప్పి ఇంజనీరు పోయాడు.

శుక్రవారం పుస్తకం తెరుచుకుని ఫోను పక్కన కూర్చున్నాను. పొద్దంతా మోగలేదు. అంచు ఖాళీగానే ఉంది. స్వామికి దండం పెట్టుకుంటూనే, ఒక్కసారి మోగినా నేను ఇక్కడ ఉన్నందుకు అర్థం ఉండేదే అనుకున్నాను. వెంటనే చెంపలు వేసుకున్నాను.

శనివారం తాళంచెవి మామగారి చేతిలో పెట్టి మొదటి బస్సెక్కాను. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

"డాక్టరు మొగమే ముందు చూసినా. నీకంటే బాగుండాడు."

తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని పాపిట పక్కన వేలు పెట్టింది. "ఇదేందే, ఇంత నెరుపు యాడిది? ఎప్పుడొచ్చింది?"

"తెలీదమ్మా" అన్నాను.

ఆ వెంట్రుకలు ఆమె ఒక్కొక్కటే విడదీసి చూస్తుంటే తల వంచుకుని కూర్చున్నాను. ఆమెకు చూపు తిరిగి ఇచ్చిన స్వామికి మనసులో మొక్కుకున్నాను. మధ్యాహ్నం బస్సుకే వచ్చేయమని పొద్దున మామగారు చెప్పి పంపించారు.