కొంగ ఈకలు, ఓబులేసన్న ముఖం

నిన్న పొద్దున కళ్యాణదుర్గం నుంచి ఫోన్ వచ్చింది. ఓబులేసన్న కొడుకు.

"చిన్నాయనా, నాయన లేడు" అన్నాడు.

 

మొన్న సాయంత్రమే అన్నతో మాట్లాడాను. శెనక్కాయ పీకించావా అని అడిగాడు. పీకిస్తున్నానని చెప్పాను. మా మాటలు ఎప్పుడూ అంతే.

ఫోన్ పెట్టేసి కళ్యాణదుర్గం బయలుదేరాను.

అన్న మా పెద్దనాయన కొడుకు. డెబ్బైలలో కళ్యాణదుర్గంలో ఫోటో స్టూడియో పెట్టాడు. ఆ కాలంలో మన చుట్టాల పెళ్లి ఆల్బమ్‌లు దాదాపు అన్నీ ఆయన తీసినవే. మన ఈ వాట్సాప్ గ్రూప్‌లో ఉన్న చిన్నవాళ్లకు ఆయన గురించి తెలిసింది అంతవరకే. అందుకని కొంగల సంగతి రాస్తున్నాను.

కళ్యాణదుర్గం దగ్గర ఒక ఊళ్లో చింతచెట్ల మీద తెల్ల కొంగలు గూళ్లు కట్టేవి. అవి వచ్చిన ఏడు వాన పడుతుందని ఆ ఊరి నమ్మకం. వాటి మీద ఎవరూ రాయి వేయరు.

చెట్లకు ఆనుకుని ఉన్న మిద్దె గంగమ్మవ్వది. అన్న ఆమెను బతిమాలి మిద్దె ఎక్కాడు. మోటార్‌సైకిల్ మీద తీసుకెళ్లింది నేనే. పెళ్లి రీలులో మిగిలిన ఫిల్మ్ అంతా కొంగలకే ఖర్చు పెట్టాడు.

తర్వాత ప్రింట్లు తీసుకెళ్లి చూపించాడు. అవ్వ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొంగ యాడుండాదప్పా? చెట్టుకు సున్నం బొట్లు పెట్టినట్టుండాది."

నిజమే. చెట్టు ఆకు ఆకూ కనపడుతోంది. కొంగ ఉన్న చోట ఉత్త తెలుపు. కన్ను లేదు, ఈక లేదు.

ఆ ఏడు వానలు మధ్యలోనే ఆగిపోయాయి. కొంగలు గూళ్లు వదిలేసి వెళ్లిపోయాయి. మన సీమకు కరువు కొత్త కాదు. కానీ ఊళ్లో మాట అన్న మీదకు వచ్చింది. కెమెరా కొంగల ప్రాణం లాగేసిందని, అందుకే కాగితం మీద ఏమీ మిగల్లేదని.

మళ్లీ వెళ్తే అవ్వ మిద్దె మెట్లకు అడ్డంగా కూర్చుంది.

"నువ్వు రా, మజ్జిగ తాగి పో. నీ పెట్టె మాత్రం ఈడికి తేవద్దు."

అన్న మజ్జిగ తాగి వచ్చేశాడు. 

వాన ఎందుకు పోయిందో ఆయన ఎవరికీ రుజువు చేయలేడు. కొంగను కొంగలాగా కాగితం మీద చూపించడం ఒక్కటే ఆయన చేతిలో ఉన్న పని. అది చేయకపోతే ఆ ఊరికి మళ్లీ కెమెరాతో వెళ్లలేడు.

స్టూడియో పక్కింటి రజియక్క దగ్గర తెల్ల కోడి ఉండేది. దాన్ని అడిగి తెచ్చుకుని, ఎండలో కట్టేసి, దగ్గరగా తీశాడు. ఈసారి కోడి బూడిద రంగులో వచ్చింది.

రజియక్క ప్రింట్ చూసి, "ఏం ఓబులేసూ, నా కోడిని పొయ్యిలో పొర్లించినావా?" అంది.

"పొయ్యిలో గాదుక్కా, మీటర్లో."

అప్పుడే విషయం అర్థమైందని తర్వాత నాతో చెప్పాడు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కు ఏది తెలుపో, ఏది నలుపో తెలియదు. చుట్టూ చెట్టు నల్లగా ఉంటే వెలుతురు చాలదనుకుని ఎక్కువ అడుగుతుంది, కొంగ ఉత్త తెల్లగా వెలిసిపోతుంది. ఫ్రేమంతా తెల్ల కోడే ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, కోడి మసిబారుతుంది.

అందుకని మీటర్‌కు చెట్టునూ పక్షినీ చూపించడం మానేశాడు. పక్షి మీద పడే ఎండలోనే తన అరచెయ్యి పెట్టి, దాన్ని చూపించి, ఆ లెక్క కదపకుండా తీశాడు.

కోడి ఈకలు వచ్చాయి.

కొంగలు మళ్లీ రావడానికి మాత్రం కొన్నేళ్లు పట్టింది. ఎనభైలు వచ్చేశాయి. మంచి వాన పడిన ఒక ఏడు, వచ్చాయని తెలిసి ఇద్దరం వెళ్లాం. అన్న సంచిలోంచి కెమెరా తీయలేదు. ముందు కోడి ఫోటో అవ్వ చేతిలో పెట్టాడు.

"ఈ కోడి బతికుండాదా?"

"నా పెట్టెతో సావలేదవ్వా. పండక్కి కూరైపోయింది."

అవ్వ నవ్వింది. మెట్ల మీద నుంచి పక్కకు జరిగింది.

ఆ రోజు తీసిన ఫోటోలో కొంగ రెక్క సగం విప్పి ఉంటుంది. ఈక అంచు ఈక అంచుగా తెలుస్తుంది. రెక్క కింద పిల్ల నోరు తెరుచుకుని ఉంటుంది. వెనకంతా చీకటి.

"చెట్టు మాడిపోయిందే" అంది అవ్వ.

"చెట్టు యాడికీ పోదులేవ్వా."

ఆ ప్రింట్‌ను అవ్వ దేవుని గూట్లో పెట్టుకుంది. ఆమె పోయేదాకా అక్కడే ఉంది. అన్నను ఆ మెట్ల దగ్గర మళ్లీ ఎవరూ ఆపలేదు.

నిన్న మధ్యాహ్నానికి ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. కంప్యూటర్లో ఎవరో అన్న ముఖాన్ని తెల్లగా చేశారు. అభిమానంతోనే చేసి ఉంటారు. నుదుటి మీద మచ్చ లేదు, కళ్ల కింద ముడతలు లేవు. మా అన్న నల్లటి మనిషి. ఎండలో తిరిగి ఇంకా నల్లబడినవాడు.

వదినను బయటికి తీసుకొచ్చారు. ఆమె ఫ్లెక్సీ వైపు చూసి, "ఈయప్ప ఎవరు?" అంది.

 కొడుకు వెళ్లి దాన్ని విప్పేశాడు.

వదిన లోపలి నుంచి ఒక పాత ఫోటో తెచ్చి ఇచ్చింది. రజియక్క కోడిని చంకలో పెట్టుకుని అన్న ఎండలో నిలబడి ఉన్న ఫోటో. తన అరచెయ్యి చాపి లెక్క చెప్పి, నా చేత నొక్కించినది.

ఈ రోజు ఇంటి ముందు ఉన్నది అదే. ఏమీ దిద్దలేదు. కోడి ఈకలు కనపడుతున్నాయి. అన్న నుదుటి మీద మచ్చా కనపడుతోంది.

పోయి రా అన్నా. ఎండలో చాలా తిరిగినావు. ఇంక నీడపట్టున నెమ్మదిగా ఉండు.