సత్తెమ్మక్క రాయించిన కాగితం

మొన్న వానలో ఆటోలో నాచారం మీదుగా వస్తుంటే, ఫ్యాక్టరీల మలుపు దగ్గర మోరీ పొంగి రోడ్డు మీదికి పారుతోంది. ఆ నీటి వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. ఏళ్లనాటి మందుల డబ్బా మూత తీసినట్టు ఒక ఘాటు, దాని వెనకే కాలిన ఇనుము వాసన. పక్కన కూర్చున్న మా అమ్మాయి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఇంకో క్షణం ఆ గాలి పీల్చాను. ముప్పై ఏళ్లకు పైగా అయింది. ఒకప్పుడు మా బావిలో, బిందెల్లో, మేం వండుకున్న అన్నంలో ఉన్న వాసన అది. దానితో పాటే సత్తెమ్మక్క గుర్తొచ్చింది. ఆమె పేరు ఏ పేపర్లోనూ రాలేదు. ఆమెను మీలో ఎవరూ చూసి ఉండరు. నేను చూశాను, అందుకని రాస్తున్నాను.

ఎనభైల చివర్లో పెళ్లయి తెనాలి నుంచి నాచారం వచ్చాను. మా ఆయన ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ సంస్థలో టెక్నీషియన్. అద్దె తక్కువని మిల్లు కార్మికుల బస్తీని ఆనుకుని ఉన్న ఇంట్లో రెండు గదులు తీసుకున్నాం. బస్తీ వాళ్ల మాట నాకు సగం అర్థమయ్యేది కాదు. అర్థమైన సగానికి లోలోపల నవ్వుకునేదాన్ని. ఇంటర్ పాసైనదాన్నని, నాది పుస్తకాల్లో ఉండే తెలుగని కాస్త గర్వం కూడా ఉండేది. సత్తెమ్మక్కకు అప్పటికి యాభై దాటాయి. భువనగిరి పక్క పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి దారం మిల్లులో పనిచేసింది. మిల్లు మూతపడ్డాక బాల్వాడీలో పిల్లలకు వండిపెట్టేది. భర్త లేడు. కూతురు, అల్లుడు ఆమెతోనే ఉండేవాళ్లు. సన్నటి మనిషి. ఆమె చూపుడువేళ్ల మీద దారం కోసుకుపోయిన గీతలు చివరిదాకా మానలేదు.

ఒక రోజు పొద్దున్నే ఆమె మా గుమ్మంలో నిలబడింది. బస్తీ వెనక ఫ్యాక్టరీ ఒకటి తన మురికినీళ్లను గుంటలోకి వదిలేస్తోందని, అది బావుల్లోకి దిగుతోందని అప్పటికే అందరికీ తెలుసు. "సదువుకున్నవంట గదా బిడ్డా, నీళ్ల ఆఫీసుకు ఒక కాగితం రాసియ్యి" అంది. నేను సంబరంగా కూర్చుని రెండు పేజీలు రాశాను. "గౌరవనీయులైన అధికారి వారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి, కరుణామయులని, దయార్ద్రహృదయులని నాకొచ్చిన పెద్ద మాటలన్నీ గుప్పించాను. చదివి వినిపిస్తే ఆమె ఓపిగ్గా చివరిదాకా వింది.

"మంచిగుంది. కానీ ఇందుల నా నీళ్లు యాడున్నయ్? అన్నీ దండాలే ఉన్నయ్."

నా ముఖం మాడిపోయింది. ఆమె నవ్వలేదు. "నడువు, జూద్దువు గానీ" అని బస్తీలోకి తీసుకెళ్లింది. అంత దగ్గర్లో ఉంటూ నేను అటు అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఒక ఇంట్లో పిల్లవాడి కాళ్లనిండా పుండ్లు. ఇంకో ఇంట్లో అప్పుడే వార్చిన అన్నం లేత పసుపు రంగులో ఉంది. ఒకావిడ తెల్లచీర ఉతికి ఆరేస్తే తుప్పు మరకలు తేలాయి. సాయంత్రం ఇంటికొచ్చి చూసింది చూసినట్టు రాశాను. ఎవరిల్లు, ఎవరికేమైంది, ఎన్నాళ్ల నుంచి. ఒక పేజీ కూడా నిండలేదు. సత్తెమ్మక్క విని, "గిది మాది" అంది. నేను రాసినదాన్ని ఒకరు తమదనడం నా జీవితంలో అదే మొదలు.

ఆ కాగితం పట్టుకుని ఇద్దరం ఆఫీసుకు వెళ్లినప్పుడు ఆమె వెంట ఒక టిఫిన్ డబ్బా తెచ్చింది. అధికారి కాగితం మీద చూపు పారేసి పక్కన పెట్టబోతుంటే, డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది. ఆ బావినీళ్లతో వండిన పసుపు అన్నం. "మిమ్ముల తినుమంటలేను సారూ. మా పోరగాండ్లు రోజు తినేది జూడున్రి, అంతే" అంది. ఆయన డబ్బాలోకి వంగి చూశాడు. తర్వాత కాగితం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ నెలలోనే మా వీధికి రోజూ మంచినీళ్ల ట్యాంకరు రావడం మొదలైంది. దాన్ని నడిపేది ఖాసిం. రామంతాపూర్‌లో ఉండేవాడు, నలభై ఏళ్ల మనిషి, తక్కువ మాట్లాడేవాడు. నాకప్పుడు ఆరో నెల. వరుసలో నన్ను చూస్తే చాలు, "ఆ అమ్మను ముందు రానియ్యిన్రి" అని తనే పైపు అందించేవాడు.

ఇక నేను చేసిన పని చెప్పాలి. పాతబస్తీలో మతం పేరిట గొడవలై కర్ఫ్యూ పెట్టారు. మావైపు కర్ఫ్యూ లేదు గానీ, దుకాణాలు సగం షట్టర్లు దించుకుని నడుస్తున్నాయి. జనం గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆ ఉదయం ఇంటి ఓనరుగారి ఫోనుకు అంబర్‌పేట నుంచి మా ఆయన స్నేహితుడి భార్య ఫోన్ చేసింది. ట్యాంకరు నీళ్లలో ఏదో కలుపుతున్నారట, తాగొద్దు అంది. నేను అదే కంగారులో వీధిలోకి వెళ్లి, బిందెలతో నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్లకు చెప్పాను. ఖాసిం పేరు నేను ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేకపోయింది.

ట్యాంకరు మలుపు తిరిగేసరికి వీధినిండా మగవాళ్లున్నారు. రాళ్లు పడి అద్దం పగిలిన చప్పుడు మా గదిలోకి వినిపించింది. కిటికీలోంచి చూస్తే పైపు ఊడిపోయి నీళ్లు వీధంతా పారుతున్నాయి. ఖాసిం నుదుటి నుంచి రక్తం కారుతోంది. బాల్వాడీ నుంచి సత్తెమ్మక్క గరిటె చేత్తోనే పరుగెత్తుకొచ్చి ట్యాంకరు తలుపుకు వీపు ఆనించి నిలబడింది. "ముందుగాల నా మీద ఎయ్యిన్రి" అని అరిచింది. ఆమె వండిపెట్టిన అన్నం తినని పిల్లలు ఆ గుంపులో ఎవరింట్లోనూ లేరు. ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ఆమె ఖాసింను తన ఇంట్లోకి తీసుకెళ్లి కొంగు చింపి కట్టు కట్టింది. కారుతున్న ట్యాంకరు కింద గిన్నె పట్టి, ఆ నీళ్లతోనే చాయ్ కాచి అతనికిచ్చింది, తనూ తాగింది. ఆమెకేమవుతుందోనని నేను సాయంత్రం వరకు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆమె అరుగు మీద కూర్చుని మర్నాటికి బియ్యం ఏరుకుంటోంది.

మర్నాడు ట్యాంకరు రాలేదు. సత్తెమ్మక్క వచ్చింది.

"మొదలు ఎవరు జెప్పిన్రని అందర్నడిగిన. తిరిగి తిరిగి ముచ్చట నీ దగ్గరికొచ్చింది."

"అంబర్‌పేట నుంచి ఫోన్ వచ్చిందక్కా. అక్కడ అందరూ అనుకుంటున్నారట..."

"నువ్వు జూసినవా?"

"లేదు."

"ఫోన్ జేసినామె జూసిందా?"

నేను తల దించుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు. "నీళ్ల గురించి రాసినప్పుడు ఇల్లిల్లు తిరిగి జూసొచ్చినవ్. మనిషి గురించి జెప్పేటప్పుడు ఎందుకు జూడలే బిడ్డా?"

 ఆమె నన్ను లేపి బయటికి తీసుకెళ్లింది. ఏ ఇంట్లో ఆ మాట పాకిందో ఆ ఇంటికల్లా వెళ్లి, "నేను చూడలేదు, విన్నది చెప్పాను, అది తప్పు" అని చెప్పాను. ఆమె గుమ్మం బయట ఊరికే నిలబడేది. నా తరఫున ఒక్క ముక్క మాట్లాడలేదు. కొందరు జాలిపడ్డారు. ఒకావిడ ముఖం మీదే తలుపేసింది. నాలుగో ఇంటి ముందు, ఇక చాలక్కా అన్నాను. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, మళ్లీ లేపింది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం రామంతాపూర్ వెళ్లాం. ఖాసిం భార్య చాప పరిచింది. నేను ఏడుస్తూనే చెప్పాను, ఆ మాట పుట్టించింది నేనేనని. ఇంతలో సత్తెమ్మక్క గొంతు సవరించుకుంది. "మొదటి రాయి ఏసింది నా అల్లుడు మల్లేశు. రాత్రి నా బిడ్డ నాతోని జెప్పింది. గా సంగతి కూడ నీకు ఎరుకుండాలె." నేను తుళ్లిపడి ఆమె వైపు చూశాను. పొద్దుటి నుంచి ఆ బరువు మోస్తూనే ఆమె నా వెంట ఇల్లిల్లూ తిరిగింది.

ఖాసిం తలకు కట్టిన గుడ్డ సరిచేసుకున్నాడు. తర్వాత నాతో అన్నాడు. "మాఫీ దేనికమ్మా. నెత్తి మానుతది. ఆఫీసుల ఏమన్నరో ఎరికేనా? నీతోనే లొల్లయింది, ఇగ బండెక్కకు అన్నరు. నా తప్పేం లేదని కాగితం రాసియ్యి. అది చాలు."

మా ఆయన ఒప్పుకోలేదు. "పేరు పెట్టి రాస్తే రేపు పోలీసులు మన గుమ్మంలో ఉంటారు ఉమా. నాది గవర్నమెంటు ఉద్యోగం" అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు. సత్తెమ్మక్కను అడిగితే, "నీ ఇష్టం బిడ్డా. నేను జెప్ప. పేరు లేకుంటే మాత్రం ఆ సారు సదవడు" అంది. ఒక రోజంతా తేల్చుకోలేకపోయాను. మర్నాడు కూర్చుని ఎనిమిది వాక్యాలు రాశాను. మొదటి వాక్యం "నేను" అని మొదలైంది. మా ఆయన చదివారు. చొక్కా వేసుకుంటూ, "ఒక్కదానివే వెళ్లకు, నేనూ వస్తాను" అన్నారు. నా సంతకం కింద సత్తెమ్మక్క వేలిముద్ర వేసింది. ఆ తర్వాత వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వేశారు. తలుపేసిన ఆవిడ కూడా వచ్చింది.

కాగితం ఆఫీసులో ఇచ్చి వచ్చాం. పోలీసులు రాలేదు. పది పన్నెండు రోజులకు ట్యాంకరు వచ్చింది, ఖాసిమే నడుపుకుంటూ.  ఎవరూ ముందుకు కదల్లేదు. నేను బిందె తీసుకెళ్లి పైపు కింద పెట్టాను. మల్లేశు వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా పైపు పట్టుకున్నాడు. "జర పక్కకు నిలబడమ్మా, చిందుతయ్" అన్నాడు ఖాసిం. అది క్షమించడమో, రోజూ చేసే పనో నాకు తెలియదు. బిందె నిండింది. వెనక వరుస కట్టారు.

రెండేళ్లకు వీధిలో మంచినీళ్ల పైపులు పడ్డాయి. ఫ్యాక్టరీ మాత్రం మురికిని ఇంకో వైపుకు మళ్లించింది. సత్తెమ్మక్క ఆ వైపు బస్తీ వాళ్లను కూడగట్టడానికి వెళ్తూ, నన్నే కలం పట్టుకుని రమ్మంది. తొంభైల మధ్యలో ఆమె ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, మిల్లులో పీల్చిన దూది వల్ల. మంచం పక్కన కూర్చున్నప్పుడు, ఏళ్లుగా లోపల ఉన్న మాట అడిగేశాను. "అంత పని చేశాక కూడా మళ్లీ నాతోనే ఎందుకు రాయించావక్కా?"

దగ్గు ఆగేదాకా ఆగి చెప్పింది. "అంతకు ముందు నువ్వు మంచిగ రాస్తవని ఎరుక, గంతే. తప్పు ఒప్పుకున్నంకనే నీ రాత మీద నమ్మకమొచ్చింది బిడ్డా."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మేం ఘట్‌కేసర్ వైపు ఉంటున్నాం. రోడ్డు గురించో, మురుగు గురించో, పని నుంచి తీసేసిన ఆయా గురించో కాగితం రాయమని ఇక్కడా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నేను వెంటనే కూర్చోను. చెప్పులేసుకుని వాళ్ల వెంట వెళ్తాను. చూశాక, ఇంటికొచ్చి రాస్తాను. రాసినదాని కింద నా పేరు, ఇంటిపేరుతో సహా, పూర్తిగా రాస్తాను.