మా అమ్మ మెడకు పడిన లోహం

మా నాయన గొలుసులు అల్లేవాడు. కరిగించి పోసేవాడు కాదు, అతికేవాడు కాదు, అల్లేవాడు. సన్నని తీగను గొడుగు కడ్డీకి బిగించి చుట్టేవాడు. స్ప్రింగులాగా వచ్చిన చుట్టను కత్తిరిస్తే రింగులు రాలిపడేవి. ఒక్కో రింగును పక్కనున్న నాలుగింటిలోకి దూర్చి దాని నోరు మూసేస్తూ పోతే, కాసేపటికి అది చాపలాగా పరుచుకునేది. చేతిలో వేసుకుంటే నీళ్లలా జారేది. జూలూరుపాడు అంగడిలో, ఏన్కూరు అంగడిలో పట్టా పరుచుకుని వాటిని అమ్మేవాళ్లం. అడవి గూడేల నుంచి వచ్చే ఆడవాళ్లు వాళ్ల భాషలో వాళ్లు మాట్లాడుకుని, బేరం మాత్రం మాతో తెలుగులో చేసేవాళ్లు. బీడీ ఆకు కోతకు, కట్టెలకు పోయేటప్పుడు మెడలో బరువు ఉండకూడదని అల్యూమినియం అడిగేవాళ్లు. పండగకైతే జర్మన్ సిల్వర్. పేరులోనే సిల్వర్ గానీ అందులో వెండి చుక్క కూడా ఉండదు.

నేను ఇంటర్ అయిపోయి, నాయన దగ్గర అల్లిక నేర్చుకుంటూ ఇంట్లో ఉన్న ఆడపిల్లను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. ఖమ్మంలో వన్ గ్రామ్ గోల్డ్ దుకాణాలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. మా పట్టా దగ్గరికి వచ్చి "ఇది బంగారం లెక్క మెరవదా?" అని అడిగిన వాళ్లకు నాయన "మెరవది, పోయి మెరిసేది కొనుక్కో" అనేవాడు. అమ్మే మనిషి మాట్లాడే మాటేనా అది? ఆ నోరే నాకూ వచ్చిందని మా అమ్మ అంటుంది.

మా అమ్మ మిరప చేలకు కూలికి పోయేది. అమ్మ పుస్తెలు అందరిలాగే పసుపుతాడుకు ఉండేవి. కాయ ఏరే రోజుల్లో చెమటకు ఆ తాడు తడిసి, మిరప ఘాటును పట్టుకుని, కడిగినా వదిలేది కాదు. సాయంత్రానికి మెడ కాలినట్టు ఎర్రబడేది. ఊరందరి మెడలకూ గొలుసులు అల్లే మొగుడుండి తన మెడకు తాడేనా అని అమ్మ ఎన్నడూ అనలేదు. మా మేనత్త మాత్రం అనేది. నాయనకు అక్క ఆమె, మా వీధి చివరనే ఉండేది. ఏ మాటైనా కడుపులో దాచుకునే అలవాటు ఆమెకు లేదు.

ఆ మాట నాయనకు తగిలినట్టుంది. అమ్మ పుట్టింటి వెండి పట్టీలు కరిగించి, తీగ తీయించి, సన్నని గొలుసు అల్లాడు. వెండి అమ్మ మెడకు మల్లెపూవులా పడింది. కానీ వెండి మెత్తన. అమ్మ పచ్చిగడ్డి మోపు ఎత్తుకుంటుంటే గొలుసు ఎక్కడో తట్టుకుని ఒక రింగు నోరు తెరిచింది. కల్లంలో కాయ ఎండబెట్టాక చూసుకుంటే ఒక పుస్తె లేదు. కూలికి వచ్చిన ఆడవాళ్లందరూ ముక్కులకు కొంగులు కట్టుకుని, దగ్గుకుంటూ, తుమ్ముకుంటూ ఆ ఎర్రకుప్ప మొత్తం తిరగేశారు. పుస్తె దొరికింది. అమ్మ మాత్రం ఆ రోజు కల్లంలో కూర్చుని ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. మొగుడికి ఏదో అయిపోతుందని ఆమె భయం.

"గట్టి దానితోని అల్లుత, ఇగ తెగది," అన్నాడు నాయన. ఆ గట్టిది జర్మన్ సిల్వర్.

చింతపండు పెట్టి తోమితే అది తెల్లగా, నిజం వెండికన్నా సోకుగా ఉండేది. అమ్మ వేసుకున్న కొద్ది రోజులకే మెడ చుట్టూ దురద మొదలైంది, తర్వాత పొక్కులు. మా ఊళ్లలో మెడ మండితే ఎవరైనా ముందు మిరపకాయనే తిడతారు. మేమూ దాన్నే తిట్టాం. అమ్మ కొబ్బరినూనె రాసుకుంది, పసుపు పట్టించింది, వేపాకు నీళ్లు పోసుకుంది. గొలుసును మాత్రం ఎవరమూ అనుమానించలేదు. మిరప పనులు అయిపోయాయి, ఎండలు ముదిరాయి, అమ్మ ఇంటి పట్టునే ఉంది. అయినా పొక్కులు పోలేదు. రసి కారి, జాకెట్టు మెడకు అతుక్కుపోయేది.

ఒక పొద్దున అమ్మ తల స్నానం చేసి వాకిట్లో జుట్టు ఆరబెట్టుకుంటుంటే నాయన వెనక నుంచి ఆ మెడ చూశాడు. దగ్గరకు పోయి, గొలుసు వేలితో పైకెత్తి, కింద చర్మం చూశాడు. పుండు వట్టి పుండు కాదు. చిన్న చిన్న గుండ్రాలు, ఒకదానిలో ఒకటి. నాయన అల్లిక ఎట్లా ఉందో అట్లాగే అమ్మ మెడ మీద అచ్చు పడి ఉంది.

నాయన గొలుసు వదిలేశాడు. అక్కడే కింద కూర్చుండిపోయాడు. ఆ రోజు అంగడి ఉన్నా పోలేదు. ప్లేయరు పట్టకారుతో గొలుసు విప్పి, పుస్తెలు పసుపుతాడుకు గుచ్చి అమ్మ మెడలో వేశాడు.

ఆ తర్వాత మా ఇంట్లో వింత ఒకటి మొదలైంది. నాయన ఒక్కో లోహంతో ఒక్కో చిన్న కడియం అల్లి అమ్మ ముంజేతికి తొడిగేవాడు. రాగి వేస్తే చెమటకు పచ్చమరక పడింది. ఇత్తడి నల్లబడి వాసన కొట్టింది. అల్యూమినియం దురద పెట్టలేదు గానీ కొంగులన్నీ మసి చేసింది, పైగా మోపు ఎత్తితే సాగిపోయే రకం. మోచేతి దాకా కడియాలతో అమ్మ వడ్లు చెరుగుతుంటే గలగలమని ఒకటే చప్పుడు.

"నా చెయ్యేందయ్యా, నీ దుకాణానికి బోర్డా?" అనేది అమ్మ.

"బోర్డే. కదలకు," అనేవాడు నాయన.

అమ్మకు అది మురిపెంగానే ఉండేదని నాకిప్పుడు అర్థమవుతోంది. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడు రోజూ తన చేయి పట్టుకుని వెలుతురులో తిప్పి చూస్తుంటే ఏ ఆడదానికి బాగుండదు?

స్టీలు సంగతి నాయనకు అన్నం తింటుంటే తట్టింది. అమ్మ ఆ పూట స్టీలు గిన్నెలో చింతపండు పులుసు కాచింది. నాయన గంటెతో గిన్నె అడుగు గీకి చూశాడు. "పులుసు కాగినా రంగు మారలే. ఇత్తడి గిన్నెకైతే కళాయి పెట్టియ్యాలె. పులుసుకు ఆగింది చెమటకు ఆగదా?" అన్నాడు. మరునాడే కొత్తగూడెం పోయి, తెలిసిన వెల్డింగ్ షాపులో సన్నని స్టీలు తీగ తెచ్చాడు.

ఆ తీగ మాట వినే రకం కాదు. కడ్డీకి చుట్టి వదిలితే తిరిగి విప్పుకునేది. కత్తిరిస్తే కటింగ్ ప్లేయరు పళ్లు విరిగాయి. నాయన వేళ్లు చీరుకుపోయాయి. తిట్టుకుంటూనే చేశాడు. కడియం వేస్తే అమ్మ చేతికి మరక లేదు, దురద లేదు. వానలు పడే దాకా చూసి, ఇక పుస్తెల గొలుసు అల్లడం మొదలుపెట్టాడు. అప్పుడు వచ్చింది మా మేనత్త.

"ఇనుముల పుస్తెలు గుచ్చుడేందిరా? ఇనుము శనిది."

"ఇది స్టీలక్కా. నీ ఇంట్ల గిన్నెలేంది మరి?"

"గిన్నెలు మెడలేసుకుంటరా? ఇనుముకు పసుపు లేదు, కుంకుమ లేదు. అది ముత్తైదువ సొమ్ముల లెక్కకే రాదు. ఉన్నా లేనట్టే."

"లేనట్టే అనుకో. దాని మెడ మంచిగుంటే సాలు."

మేనత్త మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. నాయన అమ్మను పీట మీద కూర్చోబెట్టి గొలుసు మెడ మీదనే పూర్తి చేశాడు. కొక్కెం పెట్టలేదు. కొక్కెం ఉంటే ఊడుతుందని, కల్లంలో ఏడిపించిన రోజు మళ్లీ రావద్దని. పుస్తెలు రెండూ అల్లికలోనే కలిసిపోయాయి. పుస్తెల దగ్గరి చివరి రింగు నోరు మూసి, గోటితో తడిమి, నన్ను పిలిచి "అతుకు యాడుందో చెప్పు," అన్నాడు. నేను వేలితో ఎంత తడిమినా దొరకలేదు. నాయన మొహం ఆ రోజు వెలిగినట్టు మళ్లీ వెలగగా నేను చూడలేదు.

అమ్మ మెడ మానింది. ఆ గొలుసుతోనే మిరప చేలకు పోయింది, మోపులు ఎత్తింది. మచ్చ కూడా మిగలలేదు.

రెండో ఏడు చలికాలంలో నాయనకు పక్షవాతం వచ్చింది. ఖమ్మం దవాఖానాలో ఉండి ఇంటికి వచ్చాక కాలు కొంత కుదురుకుంది గానీ కుడిచేయి పట్టు తప్పింది. అయినా మంచంలో ఊరికే కూర్చోలేడు. మిగిలిన స్టీలు తీగ తెమ్మని, కడ్డీని తొడ కింద అదిమిపెట్టి, ఎడమచేత్తోనే చుట్టి కత్తిరించేవాడు. రింగులు వంకరగా వచ్చేవి. కోసిన చోట కొస ముల్లులాగా నిలిచేది. అవి దేనికీ పనికిరావని ఆయనకూ తెలుసు. బిస్కెట్ డబ్బాలో వేసి "మంచిగైనంక సాపు చేస్త," అనేవాడు. మంచిగ కాలేదు. మళ్లీ చలికాలం రాకముందే, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి లేవలేదు.

దినాల నాడు అమ్మను చెరువు గట్టుకు తీసుకుపోయారు. గాజులు పగిలాయి, మెట్టెలు ఊడాయి. పుస్తెల దగ్గరికి వచ్చేసరికి పని ఆగింది. కొక్కెం లేదు. ఎవరో గుంజారు. స్టీలు తెగలేదు, అమ్మ మెడే కోసుకుపోయింది. ఒకామె కత్తెర తెచ్చింది, ఇంకొకామె కత్తిపీట అంది. వెండిదో తాడుదో అయితే ఆ పని ఎప్పుడో అయిపోయేది. అమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

"ఎవ్వలు ముట్టకుండ్రి. నేను తీస్త," అన్నాను.

ఇంటికి పరుగెత్తి నాయన ప్లేయర్లు రెండూ తెచ్చాను. కూతురు ఆ పని చేయకూడదని ఎవరో గొణిగారు. నేను వినలేదు. అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని పుస్తెలకున్న రింగుల అతుకు వెతికాను. దొరకలేదు. ఆ రోజు నవ్వుతూ వెతికిన అతుకే అది. కళ్లలో నీళ్లు నిండి ఏమీ కనబడలేదు. చివరికి ముక్కు ప్లేయరు కొసతో గీకుతూ పోతే ఒక చోట సన్నగా తట్టింది. గుంజొద్దు బిడ్డా, పక్కకు తిప్పాలె, గుంజితే గుండ్రం పోతది అన్నది నాయన నాకు మొదట నేర్పిన మాట. పక్కకు తిప్పాను. స్టీలు మొండిది, పట్టు జారి రింగు విరిగింది. రెండోదీ అంతే. పుస్తెలు నా అరచేతిలో పడ్డాయి. గొలుసు ముందు తెగి, అమ్మ భుజాల మీద రెండు కొసలుగా వేలాడింది.

మేనత్త ఆ గొలుసును లాగబోయింది. అప్పటిదాకా పలకని అమ్మ ఆమె చేయి పట్టుకుంది.

"పుస్తెలు తీస్కపోండ్రి వదినె. గొలుసు ఉండనియ్యి."

"అట్లెట్ల ఉంటదే?"

"ఇనుముకు పసుపు లేదు, కుంకుమ లేదు, ముత్తైదువ సొమ్ముల లెక్కకే రాదంటివి. ఉన్నా లేనట్టే అంటివి. లేనిదాన్ని ఎట్ల తీస్తవు వదినె?"

మేనత్త అమ్మ మొహంలోకి చూసింది. పోయింది ఆమెకు తమ్ముడు. చేయి వదిలేసి, కొంగు నోట్లో కుక్కుకుని, "ఉంచుకో పిల్లా. వాడు సచ్చి సాధించిండు," అని అమ్మ పక్కనే కూలబడింది.

ఇంటికి వచ్చాక తెగిన కొసలు కలపాలి. తీగ ఉంది, నా చేతులు ఉన్నాయి, రెండు మంచి రింగులు చేస్తానన్నాను. అమ్మ వద్దంది. బిస్కెట్ డబ్బా తెమ్మంది. అందులో మెరుగ్గా ఉన్నవి ఏరబోతే మెరుగైనవి ఏవీ లేవు. అన్నీ వంకరే. రెండు తీసి దూర్చి నోరు మూశాను. మూసినా సందు మిగిలింది. కొస పైకి లేచి ఉంది. సరిగ్గా పుస్తెలు ఉండే చోటు అది.

కొన్నాళ్లకు అక్కడ చిన్న గాటు పడింది. ఆకురాయి తెచ్చి ఆ కొసలు సాపు చేస్తా, ఒక్క నిమిషం పని అని అమ్మ దగ్గర కూర్చున్నాను. అమ్మ గొలుసును అరచేత్తో మూసుకుంది.

"గీసుకుంటది గదనే అమ్మా."

"గీసుకోనియ్యి. నా మెడకు పడేదాని కోసం ఎన్ని తీర్లు ఎతికిండో మీ నాయన. ఇదొక్కటి పడకున్నా ఉండనియ్యి."

ఆకురాయి డబ్బాలో పెట్టేసి, కొబ్బరినూనె తెచ్చి ఆ గాటు మీద రాశాను. ఇప్పటికీ అమ్మ దగ్గరికి పోయినప్పుడల్లా రాస్తాను.